రాత్రిపూట పడవ ఎక్కడ ఆపుతారు? నడిసముద్రంలో తెరచాప మీద బతుకు

ఈ రోజు ఎపిసోడ్ మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నతో మొదలుపెడతా.

మన నేవీ అమ్మాయిలు తెరచాప పడవ మీద ప్రపంచమంతా చుట్టొచ్చారని అప్పట్లో టీవీలో వచ్చింది, గుర్తుందా? అది చూస్తూ మా అమ్మ అడిగింది, "మరి రాత్రిపూట ఎక్కడ ఆపుకుంటార్రా?" అని. ఇంట్లో అందరం నవ్వేశాం. నవ్వడం అయ్యాక చూస్తే, జవాబు మాత్రం ఎవరి దగ్గరా లేదు. నిజమే కదా, ఎనిమిది నెలలు సముద్రం మీద తిరుగుతున్నారు. రాత్రి అవుతుంది, నిద్ర వస్తుంది. పడవ ఎక్కడ ఆపుతారు?

జవాబు చాలా చిన్నది. ఎక్కడా ఆపరు. ఆపలేరు.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నడిసముద్రంలో తిండి, నిద్ర, స్నానం, ఫోన్, భయం, అన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

లంగరు వేస్తే సరిపోదా?

సినిమాల్లో లంగరు వేస్తే పడవ ఆగిపోతుంది. అది ఒడ్డుకి దగ్గరలో. లంగరు పని చెయ్యాలంటే అది అడుగునున్న నేలని పట్టుకోవాలి. పైకి లాగితే ఊడొచ్చేస్తుంది, అడ్డంగా లాగితేనే దిగబడుతుంది. అందుకని నీళ్ల లోతు ఎంతుందో దానికి సుమారు ఐదు రెట్లు గొలుసు వదులుతారు. పది మీటర్ల లోతు అయితే యాభై మీటర్ల గొలుసు అన్నమాట.

ఇప్పుడు సముద్రం సంగతి చూడండి. ప్రపంచంలో సముద్రాల సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. ఒకదాని మీద ఒకటి అరవై చార్మినార్లు పెట్టినా పైకి తేలవు. అంత గొలుసు మోసే పడవ ఎక్కడుంది? అందుకే ఒడ్డు దాటాక లంగరు ఒక మూలన పడుకుంటుంది. మళ్లీ ఏదైనా రేవు కనిపించేదాకా దానితో పని లేదు.

అంటే పగలైనా రాత్రైనా, వాన వచ్చినా జ్వరం వచ్చినా, పడవ కదులుతూనే ఉంటుంది. గాలికి ఆదివారం సెలవు లేదు.

తారిణి కథ కొంచెం

మనం ఈ రోజు ఎక్కువగా మాట్లాడుకునే పడవ పేరు తారిణి. గోవాలో కట్టిన పడవ, 2017 ఫిబ్రవరిలో నేవీలో చేరింది. పొడవు దాదాపు 17 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. ఒక ఆర్టీసీ బస్సు పొడవు పన్నెండు మీటర్లు వేసుకోండి, దానికన్నా కాస్త పెద్దది, అంతే. తెరచాప కట్టే స్తంభం మాత్రం 25 మీటర్లు, అంటే ఎనిమిది అంతస్తుల ఎత్తు.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఆరుగురు మహిళా ఆఫీసర్లు ఇందులో బయల్దేరారు. కెప్టెన్ వర్తికా జోషి గారు. మిగతావాళ్లు ప్రతిభా జమ్వాల్, విజయా దేవి, పాయల్ గుప్తా, ఇంకా మనవాళ్లు ఇద్దరు: విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి గారు, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య గారు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్‌టన్, దక్షిణ అమెరికా కింద ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, ఆఫ్రికాలో కేప్‌టౌన్. ఇలా ఆగుతూ 2018 మే 21న గోవా తిరిగొచ్చారు. మొత్తం 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు.

ఈ 21,600 అనే నంబర్ ఎక్కడిదో తెలుసా? భూమి చుట్టూ 360 డిగ్రీలు. ఒక్కో డిగ్రీలో 60 నిమిషాలు. ఒక నిమిషం దూరాన్నే నాటికల్ మైలు అంటారు, 1,852 మీటర్లు. 360ని 60తో గుణిస్తే 21,600. కిలోమీటర్లలో సుమారు 40,000. భూమి నడుము కొలత అదే. ప్రపంచం చుట్టాం అని చెప్పాలంటే కనీసం అంత దూరం తిరగాలి, భూమధ్యరేఖ దాటాలి, సూయజ్, పనామా లాంటి కాలువల్లోంచి అడ్డదారి వెళ్లకూడదు.

ఎదురుగాలిలో ఎలా వెళ్తారు?

ఇది చాలామందికి డౌట్. గాలి వెనక నుంచి వీస్తే పడవ ముందుకెళ్తుంది, ఓకే. ఎదురుగా వీస్తే?

నేరుగా గాలికి ఎదురు ఏ తెరచాప పడవా వెళ్లలేదు. కానీ గాలికి ఒక నలభై, నలభై ఐదు డిగ్రీల పక్కకి వెళ్లగలదు. తెరచాప వంపు విమానం రెక్కలా పనిచేస్తుంది. గాలి ఆ వంపు మీదుగా జారుతూ ఒక లాగుడు పుట్టిస్తుంది. ఆ లాగుడు పడవని పక్కకి కూడా నెడుతుంది కాబట్టి, అడుగున నీళ్లలో ఒక పెద్ద బరువైన పలక ఉంటుంది, దాన్ని కీల్ అంటారు. పక్కకి జారకుండా ఆపేది అదే. పడవ వాలినా మళ్లీ తంజావూరు బొమ్మలా పైకి లేచేది కూడా దాని బరువు వల్లే.

కాబట్టి ఎదురుగాలిలో కాసేపు ఎడమకి, కాసేపు కుడికి, వంపులు తిరుగుతూ వెళ్తారు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు వంపులు తిరుగుతూ కొండ ఎక్కుతుంది చూడండి, అచ్చం అలాగే. మనవాళ్లకి ఈ విద్య కొత్తదేం కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప స్తంభాలున్న ఓడ బొమ్మ ఉంటుంది.

నిద్ర వాటాలు

సరే, పడవ ఆగదు. మరి నిద్ర?

నిద్రని వాటాలు వేసుకుంటారు. దీన్ని వాచ్ అంటారు, అంటే కాపలా వంతు. చాలా పడవల్లో నాలుగు గంటలు ఒక వంతు. ఆరుగురు ఉంటే ఇద్దరిద్దరు చొప్పున మూడు జట్లు. నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు ఖాళీ. వినడానికి బాగానే ఉంది కదా? కానీ ఆ ఎనిమిది గంటల్లోనే వంట, కడగడం, తెరచాప చిరిగితే కుట్టడం, ఇంజిన్ చూసుకోవడం, రిపోర్ట్ రాయడం. మధ్యలో గాలి మారితే "అందరూ పైకి రండి" అని కేక. అప్పుడు పడుకున్నవాళ్లు కూడా లేవాలి. మనలా ఒకేసారి ఏడు గంటలు పడుకోవడం అనేది ఉండదు. రెండు గంటలు ఒకసారి, మూడు గంటలు ఒకసారి, ముక్కలు ముక్కలుగా నిద్ర.

డ్యూటీలో ఉన్నవాళ్లు ఏం చేస్తారు? చుక్కాని చక్రం దగ్గర కూర్చోవడం ఒక్కటే కాదు. చుట్టూ చూడటం పెద్ద పని. చిన్న పడవ మీద నుంచి పెద్ద సరుకు ఓడ లైట్లు సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో కనిపించాయనుకోండి. ఆ ఓడ 20 నాట్ల వేగంతో, మన పడవ 6 నాట్లతో ఎదురెదురుగా వస్తున్నాయి. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు. రెండూ కలిపితే గంటకి 48 కిలోమీటర్లు. పన్నెండు కిలోమీటర్లు ఎంతసేపట్లో అయిపోతుంది? పావుగంట. అంటే పావుగంట కునుకు తీస్తే చాలు, ఓడ మీదకొచ్చేస్తుంది. అంత పెద్ద ఓడ చీకట్లో మన చిన్న పడవని గమనించకపోవచ్చు, గమనించినా టక్కున ఆపలేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. కింద క్యాబిన్‌లో నలుగురు నిద్రపోతున్నారు. వాళ్ల నిద్ర మొత్తం పైనున్న ఇద్దరి కళ్ల మీద ఆధారపడి ఉంది. పైనున్నవాళ్లకి కునుకు పడితే తప్పు వాళ్లది, ప్రాణాలు ఆరుగురివి.

ఇంకో చిన్న విషయం. మనం పొద్దున అలారం మోగితే ఏం చేస్తాం? స్నూజ్ నొక్కుతాం, ఇంకో ఐదు నిమిషాలు. పడవలో ఆ ఐదు నిమిషాలు ఊరికే రావు. నువ్వు ఐదు నిమిషాలు లేటుగా లేస్తే, చలిలో నాలుగు గంటలు తడిసి నిలబడ్డ మనిషి ఇంకో ఐదు నిమిషాలు తడవాలి. ఆమె నిద్రలోంచి నువ్వు ఐదు నిమిషాలు తీసుకున్నట్టే. అందుకే పది పదిహేను నిమిషాల ముందే లేచి, బట్టలన్నీ తొడుక్కుని, గాలి ఎటుంది, తెరచాపలు ఎన్ని ఉన్నాయి, ఏమైనా లైట్లు కనిపించాయా, అన్నీ అడిగి తెలుసుకుని వంతు మార్చుకుంటారు. సముద్రం మీద మర్యాద అంటే ముందు ఇదే.

వాలిపోయిన ఇల్లు

మీ మంచానికి ఒకవైపు కోళ్ల కింద ఐదారు ఇటుకలు పెట్టి పడుకోండి. ఆ మంచాన్ని ఎవరో రాత్రంతా ఊపుతున్నారనుకోండి. తెరచాప పడవలో పడక అలా ఉంటుంది. గాలి పక్క నుంచి వీస్తే పడవ ఇరవై డిగ్రీలు వాలి రోజుల తరబడి అలాగే వెళ్తుంది. దొర్లి కింద పడకుండా పడక పక్కన ఒక గట్టి గుడ్డ పైకి లాగి కడతారు. పసిపిల్లల ఉయ్యాలలో పడుకున్నట్టే.

పొయ్యి కూడా ఉయ్యాలే. రెండువైపులా ఇరుసు మీద వేలాడుతూ ఉంటుంది. పడవ ఎటు వాలినా పొయ్యి మాత్రం సమంగా ఉంటుంది. అయినా గిన్నె నిండా నీళ్లు పెట్టకూడదు. మూత బిగించే ప్రెషర్ కుక్కర్ ఉంటే వరమే. ఒలకదు, గ్యాస్ తక్కువ పడుతుంది. వేడి నీళ్లు ఒంటి మీద పడితే దగ్గరలో హాస్పిటల్ లేదు కదా.

కూరగాయలు ఎన్నాళ్లు ఉంటాయి? ఆకుకూరలు, టమాటాలు మొదట అయిపోవాలి. తర్వాత క్యాబేజీ. ఉల్లి, బంగాళాదుంప, నిమ్మకాయ ఎక్కువ రోజులు ఆగుతాయి. ఆ తర్వాత బియ్యం, పప్పు, రవ్వ, డబ్బాలు, ప్యాకెట్లు. నిమ్మకాయ అన్నా కదా, దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. పాతకాలం ఓడల్లో తుఫానులకన్నా స్కర్వీ అనే రోగం ఎక్కువ మందిని చంపింది. చిగుళ్ల నుంచి రక్తం, పాత గాయాలు మళ్లీ తెరుచుకోవడం, నీరసం, చావు. తాజా పండ్లు, కూరలు లేక విటమిన్ సి అందకపోవడమే కారణం. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్ పన్నెండు మంది రోగుల్ని జంటలుగా విడదీసి ఒక్కో జంటకి ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న జంట అందరికంటే ముందు లేచింది. అయినా బ్రిటిష్ నేవీ ఓడలన్నిటికీ నిమ్మరసం ఇవ్వడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

చుట్టూ నీళ్లే, తాగడానికి లెక్క

లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది తాగితే, ఆ ఉప్పుని బయటికి పంపడానికి మన కిడ్నీలకి మీరు తాగినదానికన్నా ఎక్కువ నీళ్లు కావాలి. తాగిన కొద్దీ ఒళ్లు ఎండిపోతుంది. దాహంతో ఉన్నవాడు సముద్రపు నీళ్లు తాగితే ఇంకా త్వరగా చచ్చిపోతాడు.

చిన్న లెక్క వేద్దాం. న్యూజిలాండ్ నుంచి ఫాక్‌లాండ్ దీవులకి తారిణికి 41 రోజులు పట్టింది. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి మూడు లీటర్లు వేసుకున్నా, ఆరుగురికి 738 లీటర్లు. ఇందులో స్నానం లేదు, బట్టలు ఉతకడం లేదు. మనం ఇంట్లో ఒక స్నానానికి వాడే బకెట్ నీళ్లు ఒక మనిషి ఐదు రోజుల ప్రాణం అన్నమాట.

అందుకే దూర ప్రయాణం పడవల్లో ఉప్పునీటిని మంచినీరు చేసే మిషన్ పెట్టుకుంటారు. మన కాలనీల్లో వాటర్ ప్లాంట్ ఉంటుంది చూడండి, అదే సూత్రం. కాకపోతే సముద్రపు నీళ్లకి చాలా ఎక్కువ ప్రెషర్ కావాలి, దానికి కరెంటు కావాలి. మిషన్ పాడైతే వాన నీళ్లే దిక్కు. తెరచాప మీద పడ్డ వానని బకెట్లలోకి పడతారు. మొదట కారే నీళ్లు ఉప్పగా ఉంటాయి, అవి వదిలేసి తర్వాతవి పట్టాలి.

స్నానం సముద్రపు నీళ్లతోనే. చివర్లో ఒక మగ్గు మంచినీళ్లు దొరికితే పండగ. చలి ప్రాంతంలో అయితే తడిగుడ్డతో తుడుచుకోవడమే. ఉప్పుకి ఒక గుణం ఉంది, గాలిలోని తేమని లాక్కుంటుంది. అందుకే ఉప్పునీటిలో తడిసిన బట్ట పూర్తిగా ఆరదు. తడి బట్టలు, తడి దుప్పటి, తడి సాక్సులు. వారాల తరబడి అంతే. తుఫాన్లు ఎప్పుడో వస్తాయి, తడి మాత్రం రోజూ ఉంటుంది.

ఫోన్ ఉంటుందా?

మీరు దీని కోసమే వెయిట్ చేస్తున్నారని తెలుసు. ఫోన్ ఉంటుంది, సిగ్నల్ ఉండదు. ఒడ్డు నుంచి కొన్ని కిలోమీటర్లు దాటగానే టవర్ పోతుంది. తర్వాత శాటిలైట్ ఫోన్, శాటిలైట్ ద్వారా మెయిల్. వాతావరణం రిపోర్ట్ తెప్పించుకోవడానికి, నేవీకి సమాచారం ఇవ్వడానికి అది ముందు కావాలి, మిగతావన్నీ ఆ తర్వాత.

చార్జింగ్ సంగతి ఇంకా ముఖ్యం. పడవ మొత్తం ఒక పెద్ద పవర్ బ్యాంక్ మీద నడుస్తుంది. సోలార్ పలకలు, గాలిమర, లేదంటే డీజిల్ కాల్చి ఇంజిన్‌తో చార్జింగ్. డీజిల్ కూడా లెక్కే, మధ్యలో బంకు లేదు. దిక్కు చూపించే పరికరాలు, లైట్లు, రేడియో, దానంతటదే చుక్కాని తిప్పే ఆటోపైలట్, నీళ్ల మిషన్, అన్నీ ఆ బ్యాటరీ నుంచే తాగుతాయి. మూడు రోజులు మబ్బు పట్టిందంటే లెక్కలు మొదలు. ఏది ఆపాలి, ఏది ఉంచాలి? మన ఫోన్లో చార్జింగ్ 5 శాతానికి వస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా. అక్కడ ఆ 5 శాతంతో దారి కనిపెట్టాలి.

అసలు ఇవేవీ లేకుండా వెళ్లే పోటీ కూడా ఒకటుంది. గోల్డెన్ గ్లోబ్ రేస్. ఒక్కరే వెళ్లాలి, ఎక్కడా ఆగకూడదు. దారి కోసం జీపీఎస్ వాడకూడదు. కాగితం మ్యాపులు, సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ కొలిచే సెక్స్టెంట్ అనే పరికరం, వాన నీళ్లు. పాటలు కావాలంటే క్యాసెట్లు. దాని గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

గాలి నాలుగింతలైతే దెబ్బ పదహారింతలు

భూగోళం మ్యాపులో కిందివైపు, దక్షిణాన 40 డిగ్రీల కింద చూడండి. భూమి దాదాపు లేదు. గాలికి అడ్డు లేదు, అలకి అడ్డు లేదు. చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. నావికులు ఆ ప్రాంతానికి గర్జించే నలభైలు అని పేరు పెట్టారు. ఇంకా కిందకి వెళ్తే, 56 డిగ్రీల దగ్గర, దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్. అక్కడ దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న సందులోంచి ఆ నీళ్లన్నీ దూరాలి. లోతు కూడా ఒక్కసారిగా తగ్గుతుంది, అలలు నిటారుగా లేస్తాయి. తారిణి ఆ మలుపు దాటింది 2018 జనవరిలో.

దానికి ముందు పసిఫిక్‌లో గాలి 60 నాట్లు దాటింది. అంటే గంటకి 110 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ లెక్కలో ఆ స్థాయి గాలి అంటే తీవ్ర తుఫాను. మన తీరంలో అలాంటి హెచ్చరిక వస్తే బళ్లకి సెలవులు ఇస్తారు, షెల్టర్లకి పంపిస్తారు. వీళ్లకి షెల్టర్ ఆ పదిహేడు మీటర్ల పడవే. అలలు ఏడు మీటర్లు, రెండంతస్తుల మేడ కదిలి వస్తున్నట్టు.

ఇక్కడ ఒక ఫిజిక్స్ పాయింట్. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద పడే బలం నాలుగింతలు అవుతుంది. 15 నాట్ల గాలి 60 అయితే, వేగం నాలుగింతలు, బలం పదహారింతలు. అదే తెరచాప ఉంచితే ఒకటి చిరగాలి, లేదా స్తంభం విరగాలి, లేదా పడవ తిరగబడాలి. అందుకే గాలి పెరుగుతుంటే తెరచాపని మడిచి చిన్నది చేస్తారు, చివరికి చిన్న తుఫాను తెరచాప ఒక్కటే మిగులుతుంది. తగ్గించాలా వద్దా అన్న అనుమానం వచ్చిందంటేనే తగ్గించేయాలి, ఇది అందరు నావికులూ చెప్పే మాట. లేట్ అయితే అదే పని చీకట్లో, ఊగుతున్న డెక్ మీద, మొద్దుబారిన వేళ్లతో చెయ్యాలి.

అలాంటప్పుడు మనిషి సముద్రంలో పడితే? పడవ 6 నాట్లతో వెళ్తుంటే సెకనుకి మూడు మీటర్లు. ఒక్క నిమిషంలో 185 మీటర్ల దూరం. అలల మధ్య తల ఒక కొబ్బరికాయంత కూడా కనిపించదు. తెరచాప పడవని వెనక్కి తిప్పడానికే నిమిషాలు పడుతుంది. ఆ నీళ్ల చలికి ఒళ్లు త్వరగా కొయ్యబారుతుంది. అందుకే డెక్ మీదకి వచ్చేముందే ఒంటికి బెల్టు, బెల్టు నుంచి తాడు, తాడు కొక్కెం పడవకి. ఒక చెయ్యి పనికి, ఒక చెయ్యి పట్టుకోడానికి. ఎంత అనుభవం ఉన్నా ఇదే రూలు.

చుక్కాని లేని నావ

"చుక్కాని లేని నావలా తిరుగుతున్నావ్" అని ఇంట్లో తిట్టించుకోని వాళ్లు ఎవరైనా ఉన్నారా? తారిణికి అది నిజంగా జరిగినంత పనైంది.

కేప్‌టౌన్ నుంచి గోవా చివరి దశ. ఇంక ఇంటికే. హిందూ మహాసముద్రంలో వాతావరణం బాగా లేక, స్టీరింగ్ వ్యవస్థ పాడైంది. చక్రం తిప్పితే చుక్కానికి ఆ తిప్పుడు అందాలి కదా, ఆ మధ్యలో ఉన్న యంత్రాంగం అన్నమాట. చుక్కాని మాట వినకపోతే పడవ అలకి అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవని పెద్ద అల దొర్లించేయగలదు. ఇలాంటి రోజు కోసమే పడవల్లో ఒక ఇనుప కర్ర ఉంటుంది. చక్రాన్ని పక్కనపెట్టి, నేరుగా చుక్కాని ఇరుసుకే దాన్ని తగిలించి చేతుల బలంతో తిప్పాలి. చాలా మొరటు పని.

ప్లాన్‌లో లేకపోయినా మారిషస్‌లో పోర్ట్ లూయీకి వెళ్లి, రిపేర్ చేయించుకుని, మళ్లీ బయల్దేరి మే 21కి గోవా చేరారు. ఇల్లు దగ్గరైంది కదా, ఎలాగోలా వెళ్లిపోదాం అనుకోలేదు చూడండి. నాకైతే ఆ నిర్ణయం తుఫాను దాటడంకన్నా పెద్దదిగా అనిపిస్తుంది.

108 రాని చోటు

ఇందాక గోల్డెన్ గ్లోబ్ రేస్ అన్నా కదా. నేవీ ఆఫీసర్ అభిలాష్ టోమీ అంతకుముందే, 2012-13లో, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టిన మొదటి భారతీయుడు. 2018లో ఆయన ఆ రేస్‌లో పాల్గొన్నారు. సెప్టెంబర్ 21న హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానులో ఆయన పడవ తురియా స్తంభం విరిగింది. ఆయన వెన్నుకి పెద్ద దెబ్బ. లేవలేరు, నడవలేరు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరం, అంటే 3,500 కిలోమీటర్లు. మన ఊళ్లో ఫోన్ చేస్తే 108 వస్తుంది. అక్కడికి మన నేవీ విమానం, ఆస్ట్రేలియా విమానం వెతుక్కుంటూ వెళ్లాయి. విమానం చూడగలదు, దిగలేదు. చివరికి మూడు రోజుల తర్వాత ఒసిరిస్ అనే ఫ్రెంచ్ ఓడ వచ్చి ఆయన్ని ఎక్కించుకుంది.

వెన్నుకి ఆపరేషన్ అయింది, మళ్లీ నడక నేర్చుకున్నారు. నాలుగేళ్లకి అదే రేస్‌కి మళ్లీ వెళ్లి, 2023లో రెండో స్థానంలో వచ్చారు.

ఒంటరి మనిషికి వంతు మార్చుకునే తోడు లేదు. ఇందాకటి పావుగంట లెక్క గుర్తుందిగా? ఒంటరి నావికులు అలారం పెట్టుకుని చిన్న చిన్న కునుకులు తీస్తూ, లేచి చుట్టూ చూసి మళ్లీ పడుకుంటారు. నెలల తరబడి.

మళ్లీ అమ్మ ప్రశ్న

అదే తారిణి 2024 అక్టోబర్ 2న మళ్లీ గోవా నుంచి బయల్దేరింది. ఈసారి ఇద్దరే, దిల్నా, రూప గార్లు. 2025 మే 29న తిరిగొచ్చారు. దారిలో పాయింట్ నీమో దాటారు. ఏ దిక్కుకి వెళ్లినా దగ్గరలోని నేల 2,688 కిలోమీటర్ల దూరంలో ఉండే చోటు అది. అంతరిక్ష కేంద్రం ఆ పైనుంచి వెళ్తే అది 400 కిలోమీటర్లే. అంటే అక్కడున్నవాళ్లకి అందరికంటే దగ్గర మనుషులు ఒక్కోసారి ఆకాశంలో ఉంటారు.

ఇప్పుడు ఆలోచించండి. అలాంటి చోట రాత్రి రెండు గంటలు. ఇద్దరే ఉన్నారు. ఒకరు కింద పడుకోవాలంటే ఇంకొకరు పైన మేలుకోవాలి. ఎవరూ చూడట్లేదు, ఎవరూ మెచ్చుకోరు, వీడియో లేదు, లైక్ లేదు. నిద్ర ముంచుకొస్తోంది. అయినా కళ్లు మూయకూడదు, ఎందుకంటే కింద ఒక మనిషి నిన్ను నమ్మి పడుకుంది. నేను ఈ ఎపిసోడ్ కోసం చదివినంతసేపూ, తుఫానులకన్నా నాకు ఎక్కువ గుర్తుండిపోయింది ఇదే.

మా అమ్మకి ఫోన్ చేసి చెప్పా, "ఎక్కడా ఆపరమ్మా, వంతులేసుకుని మేలుకుంటారు" అని. అమ్మ ఏమందో తెలుసా? "ఓస్, ఇంతేనా? మీ చిన్నప్పుడు మీకు జ్వరాలొస్తే నేనూ మీ నాన్నా చేసింది అదేగా" అంది.

ఈసారి ఎవరం నవ్వలేదు. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. రాత్రి డ్యూటీలో ఉండి ఇది వింటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు ప్రత్యేకంగా థ్యాంక్స్. ఉంటా.